మతిమఱపు వ్యాధి - పరిచర్య చేయువారి నిద్ర

ఇంటిలో పెద్దవారెవరైనను దీర్ఘవ్యాధితో నున్నప్పుడు చూడవచ్చిన బంధువు లందఱును రోగిని గూర్చియే యడుగుదురు. అన్నము తినుచున్నారా? రాత్రి నిద్ర పట్టుచున్నదా? మందులు వేళకు పడుచున్నవా? ఈ ప్రశ్నల కన్నింటికిని బదులు చెప్పుచు, వచ్చినవారికి కాఫీ కలిపి యిచ్చుచు, నడుమ నడుమ లోపలికి బోయి రోగి పక్కను సవరించి వచ్చుచుండు ఇల్లాలిని మాత్రము, "అమ్మాయీ, రాత్రి నీవు నిద్రపోతివా?" అని యడుగువారు మిక్కిలి యరుదు. వారికి దయ లేదని కాదు. అది యడుగవలసిన సంగతియని తోపకపోవుటయే కారణము. ఈ నెల మేము ఆ ప్రశ్ననే యెత్తుకొనుచున్నాము. పరిచర్య చేయువారి నిద్ర రోగి చికిత్సలో నొక భాగమనియు, దానిని కాపాడుట ఇంటిల్లిపాది విధి యనియు మా తలంపు.

దీర్ఘవ్యాధులలో డిమెన్షియా యను మతిమఱపు వ్యాధి ఇంటివారి నిద్రను విశేషముగా హరించును. వార్ధక్యమున ఒకరి పేరు మఱచుట, తాళపుచెవి పెట్టిన చోటు మఱచుట అందఱికిని గలుగునవే. డిమెన్షియా అది కాదు. మెదడులోని కణములు క్రమముగా దెబ్బతినుటచే జ్ఞాపకము, మాట, దిక్కు, వేళ, తుదకు కన్నబిడ్డల ముఖములు సైతము తెలియకపోవు స్థితి యది. దీనికి హేతువులలో ఆల్జైమర్ వ్యాధి ప్రధానమైనది. మెదడునకు రక్తప్రసారము చెడుటచే వచ్చునది మఱియొకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2021 నాటికి లోకమున 5 కోట్ల 70 లక్షలమంది ఈ వ్యాధితో నుండిరి. మన దేశమున 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7.4 మందికి, అనగా సుమారు 88 లక్షలమందికి, ఇది కలదని 2023లో ప్రకటింపబడిన యొక పెద్ద పరిశీలనము అంచనా వేసినది. మన దేశములో వీరిలో అత్యధికులు ఇండ్లలోనే యున్నారు. ఈ రోగులకు జరుగు పరిచర్యాకాలములో నూటికి 70 పాళ్లు స్త్రీలే చేయుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థయే చెప్పుచున్నది. కావున ఇది మన సోదరీమణుల రాత్రులకు సంబంధించిన విషయము.

ఈ వ్యాధి చరిత్రమే యొక నిద్రలేని యింటితో నారంభమైనది. 1901 నవంబరు మాసమున జర్మనీ దేశమందలి ఫ్రాంక్‌ఫర్ట్ నగరపు ఆసుపత్రికి ఔగుస్టె డేటర్ అను స్త్రీని దీసికొని వచ్చిరి. ఆమె వయస్సు 51 సంవత్సరములు. భర్త రైల్వేలో గుమాస్తా. ఆమె యింటిలో వస్తువులను దాచుచు, భర్తను శంకించుచు, నడిరేయి దుప్పట్లను ఈడ్చుకొని తిరుగుచు, కేకలు వేయుచుండెడిది. ఆమెను పరీక్షించిన వైద్యుడు ఆలోయిస్ ఆల్జైమర్. 1906లో ఆమె మరణించిన పిమ్మట మెదడును సూక్ష్మదర్శినితో జూచి, ఆ నవంబరులో ట్యూబింగెన్ నగరమున జరిగిన వైద్యుల సభలో తాను కనుగొనిన దానిని వివరించెను. 1910లో క్రేపెలిన్ అను వైద్యాచార్యుడు ఆ వ్యాధికి ఆల్జైమర్ పేరు పెట్టెను. వైద్యుని పేరు వ్యాధికి నిలిచినది. రోగి పేరును పుస్తకములలో నిలిచినది. ఆసుపత్రికి దెచ్చువఱకు ఆ యింటిలో రాత్రులు గడపిన భర్త యెట్లు నిద్రించెనో తలచుకొనువారు నేటికిని కొలదిమందియే.

రోగికి రాత్రి యేల చెడును? మన మెదడు అడుగుభాగమున సుమారు 20,000 కణములు గల చిన్న గుంపొకటి యున్నది. అదియే శరీరమునకు గడియారము. కంటిగుండ వచ్చు పగటి వెలుతురును బట్టి అది వేళను సరిదిద్దుకొనును. చీకటి పడగనే మెలటోనిన్ అను రసము ఊఱునట్లు చేసి నిద్రకు శరీరమును సిద్ధపఱచును. ఆల్జైమర్ వ్యాధిలో ఈ గడియారపు కణములే క్షీణించును. దానికి తోడు రోగి పగలెల్ల గది లోపలనే యుండి, ఎండ చూడక, కుర్చీలో కునుకులు తీయుచుండును. అందుచే పగటికిని రాత్రికిని భేదము తొలగిపోవును. ప్రొద్దు గ్రుంకు వేళకు పలువురు రోగులలో నొక కలత బయలుదేరును. సొంత యింటిలో గూర్చుండియే "ఇంటికి పోవుదము" అని మూట గట్టుదురు. ఎన్నడో గతించిన తల్లికొఱకు వెదకుదురు. రాత్రి రెండు గంటలకు తెల్లవాఱినదని స్నానమునకు లేతురు. వీధితలుపు గడియ తీయబోవుదురు. వీనిలో నేదియు మొండితనము కాదు, పగ కాదు. గడియారము చెడిన యింటిలో వేళ తప్పి గంట మ్రోగినట్లే.

ఇక పరిచర్య చేయు నామె సంగతి. నిద్ర యనునది ఒక్కటే ముద్ద కాదు. సుమారు 90 నిమిషముల కొక యావృత్తిగా, రాత్రికి నాలుగైదు ఆవృత్తులుగా నడచును. గాఢనిద్ర ఎక్కువగా రాత్రి తొలిభాగముననే యుండును. ఆ భాగమున రెండు మూడుమార్లు లేవవలసివచ్చినచో, తరువాత పడకమీద ఎన్ని గంటలున్నను ఆ లోటు తీఱుట కష్టము. అంతకంటె చెఱుపు చేయున దొకటి కలదు. రోగి ప్రశాంతముగా నిద్రించు రాత్రి సైతము ఆమె చెవి నిద్రింపదు. మంచము కిఱ్ఱుమనినను, కఱ్ఱ నేలను దాకినను, గడియ కదలినను ఆమె లేచి కూర్చుండును. ఏమియు కదలకున్న, ఏల కదలలేదో యని లేచి చూచివచ్చును. ఇట్లు పనిలేని మెలకువ పనియున్న మెలకువకంటె నెక్కువైపోవును.

"పసిబిడ్డల తల్లులు మేలుకొనుట లేదా?" అని కొంద ఱందురు. పసిబిడ్డ నెలనెలకు పెరుగును. మూడు మాసములకు కొంత, ఏడాదికి కొంత రాత్రి కుదుటబడును. తల్లికి ముందున్నది వెలుగు. మతిమఱపు రోగికి నెలనెలకు తగ్గుదలయే. బిడ్డను పెంచుట యేండ్లు గడచినకొలది తేలికయగును. ఈ సేవ యేండ్లు గడచినకొలది బరువగును. 1981లో అమెరికాలో నాన్సీ మేస్, పీటర్ రాబిన్స్ అనువారు ఇట్టి కుటుంబములకొఱకు వ్రాసిన పుస్తకమునకు "36 గంటల దినము" అను నర్థమిచ్చు పేరు పెట్టిరి. ఆ పేరు వినినంతనే, అట్టి సేవ చేసినవారికి వేఱుగ వివరింప నక్కఱలేదు.

2019లో అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు, అంతవఱకు జరిగిన 35 పరిశీలనములను, వానిలోని 3,268 మంది పరిచారకుల లెక్కలను ఒకచోట జేర్చి చూచిరి. అదే వయస్సు గల యితరులకంటె వీరు వారమునకు సుమారు రెండున్నర మొదలు మూడున్నర గంటల నిద్ర తక్కువగా పొందుచున్నారని తేలినది. వినుటకు స్వల్పముగ దోచును. రాత్రికి ఇరువదియో ముప్పదియో నిమిషములే కదా! కాని గృహిణులకు చిల్లర లెక్క కూడుట తెలియనిది కాదు. ఏడాదికి అది 130 మొదలు 180 గంటలకు చేరును. రాత్రికి 7 గంటల చొప్పున చూచిన, 18 మొదలు 26 రాత్రుల పూర్తినిద్ర. ఇది సగటు, కొందఱికి ఇంకను హెచ్చు. తునకలైన నిద్ర చేయు కీడు ఈ గంటల లెక్కలో జేరలేదు. అయితే ఆ పరిశోధకులే మఱియొక మంచిమాటయు చెప్పిరి. తగిన ఉపదేశమును, అలవాట్ల మార్పును కలిగించినచో పరిచారకుల నిద్ర బాగుపడుచున్నది. ఇది తీఱని బాధ కాదని మనము గుర్తించవలెను.

నిద్ర చాలనిచో కలుగు కీడు కన్నులక్రింది నలుపుతో పోవునది కాదు. 1995లో అమెరికాలోని ఓహాయో రాష్ట్రమున వైద్యపరిశోధకు లొక పరీక్ష చేసిరి. మతిమఱపు రోగులకు సేవ చేయుచున్న 13 మంది స్త్రీలకును, అదే వయస్సు గల మఱి 13 మందికిని, వారి సమ్మతితో చేతిమీద చిన్న గాయము చేసి అది మానుటకు పట్టిన దినములను లెక్కించిరి. ఇతరులకు సగటున 39 దినములు పట్టగా, సేవ చేయువారికి సుమారు 49 దినములు పట్టినది. అలసిన మనస్సు చర్మమువఱకు దిగివచ్చునని దీనిచే స్పష్టమగుచున్నది. 1999లో ప్రకటింపబడిన మఱియొక పరిశీలనమున, జీవిత సహచరులకు సేవ చేయుచు ఆ భారముచే క్రుంగినవారికి నాలుగేండ్లలో మరణభయము ఇతరులకంటె నూటికి 63 వంతులు హెచ్చుగ నుండెనని తెలిసినది. సేవ చేయుచున్నను అట్లు క్రుంగనివారికి ఆ హెచ్చు కానరాలేదు. అనగా ప్రాణము తీయునది సేవ కాదు. ఊఱట లేని సేవ.

రోగికి గలుగు నష్టమును గూడ చెప్పవలయును. నిద్రలేని చేయి మందుబిళ్లలను తాఱుమాఱు చేయును; పొయ్యిమీది పాలను మఱచును. ఒకే ప్రశ్నను పదియవమా ఱడిగినప్పుడు నిద్ర తీఱిన నోరు చిఱునవ్వుతో బదులు చెప్పును. నిద్రలేని నోరు కసరును. చేయి యెత్తిన సందర్భములును లేకపోలేదు. ఆ మీదట ఆమె వంటింటిలో నొంటిగ కూర్చుండి కన్నీరు కార్చును. తాను చెడ్డదాననని తలంచును. ఆమె చెడ్డది కాదు. ఆమెకు నిద్ర లేదు.

మనవారు జాగరణమును పూజించుదురు. శివరాత్రినాడు రేయెల్ల మేలుకొనుట పుణ్యమందురు. కాని శివరాత్రి యేటి కొక్కటే. మఱునాడు పారణ గలదు. ఆ రాత్రికి కంటినిండ నిద్రయు గలదు. మతిమఱపు రోగి యింట జాగరణమునకు పారణ లేదు. "మా కోడలు మూడేండ్లనుండి కన్ను మూయలేదు, మహాయిల్లాలు" అను ప్రశంస వినుట కింపుగనే యుండును. కాని ఆ ప్రశంస చాటున నలుగురు సుఖముగ నిద్రించుచున్నారేమో కొంచెము చూడవలసియున్నది.

మన యమ్మమ్మలు పాడుకొనిన "ఊర్మిళాదేవి నిద్ర" యను పాట గలదు. అన్నకు కాపుగా లక్ష్మణుడు పదునాలుగేండ్లు రెప్పవేయక వనమున నుండగా, ఊర్మిళ ఆ పదునాలుగేండ్లును ఇంట నిద్రించెనని కథ. లక్ష్మణుని పాలి నిద్రను గూడ ఆమెయే కైకొనెనని పెద్దలు చెప్పుదురు. ఈ కథలోని లెక్క మాకు మిక్కిలి విలువైనదిగ దోచుచున్నది. ఒకరు మేలుకొనినచో ఆ నిద్ర ఊరక మాయము కాదు. ఎక్కడనో యొకచోట చెల్లు కావలసినదే. కథలో దానిని వేఱొకరు నిద్రించి చెల్లించిరి. మన యిండ్లలో ఒకరి నిద్రను మఱియొకరు నిద్రింపజాలరు. మేలుకొనుటను పంచుకొనుటయే మనము చేయగలిగినది.

కాబట్టి మొదట రోగి రాత్రిని కుదుర్చు నుపాయములు చెప్పెదము. ఉదయముననే రోగిని వరండాలోనో పెరటిలోనో వెలుతురున కూర్చుండబెట్టవలెను. శక్తి యున్నంతవఱకు దినమున కొక అరగంట నడిపింపవలెను. 2005లో అమెరికాలోని సియాటెల్ నగరమున జరిగిన పరీక్షయందు, దినమునకు అరగంట నడక, పగటి వెలుతురు, నియమమైన పడకవేళ - ఈ మూడింటిని ఇంటివారికి నేర్పగా రోగుల రాత్రి మెలకువలు తగ్గినవి. పగటి కునుకు మధ్యాహ్నము ఒక్కమాఱు, అరగంటకు మించకుండ చాలును. మధ్యాహ్నము దాటిన పిమ్మట కాఫీ, టీ కూడవు. ప్రొద్దు గ్రుంకకమునుపే దీపములు వెలిగించి నీడలు లేకుండ చేయవలెను. సాయంకాలము గట్టిగ మాటలాడు టెలివిజను కట్టివేసి, తెలిసిన పాటయో భజనయో మెల్లగ వినిపింపవలెను. పడుకొనుటకు ముందు మూత్రవిసర్జనము చేయింపవలెను. మరుగుదొడ్డి దారిలో చిన్న దీపముంచవలెను. వీధితలుపునకు చిఱుగంట కట్టినచో అది మ్రోగినప్పుడే లేవవచ్చును. దానికొఱకు రేయెల్ల చెవి నిక్కించి యుండ నక్కఱలేదు. నడిరేయి "ఇంటికి పోవుదము" అనినప్పుడు "ఇదే మన యిల్లు" అని వాదించుట వ్యర్థము. "అట్లే, కొంచెము మంచినీరు త్రాగి పోవుదము" అని చేయి పట్టుకొని రెండడుగులు నడిపించినచో చాలమాఱులు శాంతింతురు.

రోగి హఠాత్తుగ రాత్రులయం దెక్కువ కలత చెందుచున్నచో వైద్యునికి చూపవలెను. నొప్పి, మలబద్ధము, మూత్రమున చీము పుట్టుట, దురద, కొత్తగ వేసిన మందు - వీనిలో నేదైనను కారణము కావచ్చును. రోగి నోటితో చెప్పజాలడు. నిద్రమాత్రల విషయమున మిక్కిలి జాగ్రత్త వలయును. అవి ముసలివారిని తూలి పడునట్లు చేసి తుంటియెముకను విఱుగగొట్టగలవు. మఱునాటి తికమకను హెచ్చించును. జలుబునకును దురదకును అంగడిలో కొను మాత్రలలో మత్తు కలిగించునవి సైతము ఈ రోగులకు కీడు చేయును. వైద్యుని యనుమతి లేక ఏ మాత్రయు, పొరుగింటివారు మంచిదన్నను, ఇయ్యరాదు.

ఇక పరిచర్య చేయు నామె కొఱకు. మొదటిది, రాత్రిని వంతులుగ విభజింపవలెను. "అవసరమైన లేపు" అనుట వంతు కాదు. లేపవలసినది ఆమెయే గనుక ఆమె మేలుకొనియే యుండును. తొమ్మిది మొదలు రెండు గంటలవఱకు ఒకరు, ఆపై తెల్లవాఱువఱకు మఱియొకరు అని యేర్పఱచుకొని, వంతు లేనివారు వేఱొక గదిలో తలుపు మూసికొని నిద్రింపవలెను. తండ్రికి కొడుకు, అత్తకు మామ, అమ్మమ్మకు ఎదిగిన మనుమడు - వీరందఱికిని వంతులు గలవు. ఉద్యోగము చేయువారికి నిద్ర కావలెనందురు. ఇంటి యుద్యోగమునకు సెలవుదినము గూడ లేదు గదా! ఇంటిలో నిరువురే యున్నచో వారమునకు రెండు రాత్రులైనను ఆమెకు పూర్తిగ విడువవలెను.

రెండవది, దూరదేశములం దున్న బిడ్డల సంగతి. మన తెలుగిండ్ల కొడుకులు కూతుండ్రు అనేకులు అమెరికాలో నున్నారు. ఇచ్చటి నడిరేయి అచ్చటివారికి పగలు. వారు పంపు ద్రవ్యముతో వారమునకు కొన్ని రాత్రులు జీతమునకు మనిషిని నియమించుట, వైద్యశాలకు చీటి వ్రాయించుట, మందుల లెక్క చూచుట వంటి పనులు వారు చేయదగినవి. "అమ్మ యెట్లున్నది?" అను వారి ప్రశ్న తరువాత "వదినా, ఈ వారము ఎన్ని రాత్రులు నిద్రించితివి?" అను ప్రశ్నయు ఉండవలెను.

మూడవది, ఆమె తన నిద్రను గూర్చి తానే వైద్యునికి చెప్పవలెను. రోగితో వెళ్లిన దినముననే, "నాకు నిద్ర లేదు" అని ఒక్కమాట యనుటకు సిగ్గుపడరాదు. అది ఫిర్యాదు కాదు. రోగి చికిత్సకు కావలసిన సమాచారము. అవకాశము దొరకిన రాత్రియు నిద్ర పట్టనిచో, పగలు దుఃఖము ఆగనిచో, అది వైద్యము కోరు స్థితి. ప్రభుత్వమువారి టెలి మానస్ సేవకు 14416 అను నంబరున రాత్రింబవళ్లు తెలుగుననే మాటలాడవచ్చును. వృద్ధుల సహాయమునకు 14567 కలదు. 1992లో కేరళమున నారంభమైన ఆల్జైమర్స్ సంఘమునకు హైదరాబాదునందును శాఖ గలదు. అట్టిచోట్ల తోటి కుటుంబములవారితో మాటలాడుటయే యొక ఊఱట.

ధనికులకే యిట్టి యేర్పాట్లు సాధ్యమని నిరాశ పడ నక్కఱలేదు. గోవాలో 81 కుటుంబములతో జరిగిన యొక పరీక్ష 2008లో ప్రకటింపబడినది. అందు ఇండ్లకు వెళ్లినవారు పెద్ద వైద్యులు కారు. కొలది శిక్షణ పొందిన స్థానికులు. ఆఱుమాసములపాటు పక్షమున కొకమాఱైనను వచ్చి, వ్యాధిని వివరించి, రోగి ప్రవర్తనమును సర్దుకొను తీరు నేర్పి, ఇతర బంధువులను పనిలోనికి దింపిరి. దానిచేతనే సేవ చేయువారి మనోవేదన తగ్గినది. పొరుగింటి యొక సోదరి వారమున కొక మధ్యాహ్నము రెండు గంటలు రోగికడ గూర్చుండి, "నీవు పోయి పడుకొనుము" అనినను అది ఈ జాతి సహాయమే.

"ఆకలి రుచి యెఱుగదు, నిద్ర సుఖ మెఱుగదు" అని సామెత. నిజమే, అలసిన దేహము కటికనేల నైనను నిద్రించును. ఆమెకు పట్టుపఱుపు అక్కఱలేదు. ఆమె యడుగునది "ఈ రాత్రి నేను లేవ నక్కఱలేదు" అను నమ్మకము మాత్రమే. ఆ నమ్మకము నిచ్చుటకు ఇంటిలో నొకరు తమ మంచమును రోగి గదిలోనికి మార్చవలెను. మా సోదరీమణులలో నిట్టి సేవ చేయుచున్నవారు ఈ పుటను ఇంటిలోని మగవారికి చదివి వినిపింపవలెననియు, అట్టి సేవ లేనివారు తమ యెఱుకలోని యొక యింటికి ఈ వారమే పోయి రెండు గంటలు కూర్చుండవలెననియు మేము కోరుచున్నాము.